బార్ కదలాలా, టూల్ కదలాలా?

చిన్న షాపు స్విస్ లేత్ కొనాలా, చక్ ఉన్న మామూలు లేత్‌తోనే సాగాలా? ఆ రెండు పక్షాల వాదన ఇది.

స్విస్ పక్షం: ముందు వంపు లెక్క చూద్దాం. 4 మి.మీ. వ్యాసం ఉన్న స్టెయిన్‌లెస్ బార్ చక్‌లోంచి 40 మి.మీ. బయటికి ఉంది. కొస దగ్గర టూల్ దాన్ని 20 న్యూటన్ల బలంతో, అంటే సుమారు రెండు కిలోల బరువుతో పక్కకు నెడుతోంది. బార్ దాదాపు 0.17 మి.మీ. వంగుతుంది. వ్యాసంలో తేడా దానికి రెట్టింపు. డ్రాయింగ్ చూస్తే టాలరెన్స్ 0.01 మి.మీ. పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లవుతుంది. పాతికేళ్ల అనుభవమున్న మేస్త్రీ నిలబడ్డా ఈ లెక్క మారదు. స్విస్ లేత్ చేసే పనల్లా ఆ లెక్కలోంచి పొడవును తీసేయడమే. బార్‌ను గైడ్ బుష్ పట్టుకుని ఉంటుంది. హెడ్‌స్టాక్ బార్‌ను ముందుకు తోస్తూ వస్తుంది. టూల్ మాత్రం బుష్ మూతికి ఒక మిల్లీమీటరు దూరంలోనే ఉండి కోస్తుంది. చెరకు గడను మొదట్లో పట్టుకుని కొస దగ్గర నరికితే గడ ఊగిపోతుంది. వేటు పడే చోటికి ఆనుకుని పట్టుకుంటే ఒక్క దెబ్బకు తెగుతుంది. గడియారాల ఇరుసులు కోయడానికి 1870లలో స్విట్జర్లాండ్‌లో యాకోబ్ ష్వైట్సర్ ఈ పద్ధతి కనిపెట్టాడు. సన్నటి, పొడవాటి జాబ్‌కు ఇంతకన్నా మంచి దారి ఇప్పటికీ రాలేదు.

చక్ పక్షం: లెక్కలో తప్పు లేదు. కానీ అలాంటి బార్ ఎన్ని షాపుల్లోకి వస్తోంది? హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్ల సంగతి తీసుకోండి. హెచ్‌ఏఎల్, బీహెచ్‌ఈఎల్, ఈసీఐఎల్, బీడీఎల్, రక్షణ ప్రయోగశాలలు, వీటి నీడలో పెరిగిన షాపులవి. అక్కడికొచ్చే డ్రాయింగులు పది పీసులకు, ఇరవై పీసులకు. వ్యాసం 60 మి.మీ., 90 మి.మీ. కొన్ని ఫోర్జింగులు, కొన్ని కాస్టింగులు. స్విస్ లేత్‌లోకి దూరేది 12, 20, 32 మి.మీ. బార్లే, మరీ పెద్దదనుకుంటే 38. పది మంది పనిచేసే షాపులో రెండు ఆక్సిస్‌ల సీఎన్‌సీ లేత్‌లు రెండున్నాయంటే పొద్దున ఫ్లాంజి, మధ్యాహ్నం బుష్, సాయంత్రం షాఫ్టు వేసుకోవచ్చు. చక్‌లో జాస్ మార్చుకుంటే చాలు. ఒక్క రకం పనికే నోరు తెరిచే మిషన్‌ను ఆ షెడ్డులో పెట్టడం సాహసం. పైగా పొడవు వ్యాసానికి మూడు రెట్లు దాటని జాబ్‌కు గైడ్ బుష్ అవసరమే లేదు.

స్విస్ పక్షం: మూడు రెట్ల మాట ఒప్పుకోవాల్సిందే. పొట్టి జాబ్‌లు స్విస్ మీద వేసి గొప్ప చెప్పుకునే షాపులున్నాయి; వాటికి మామూలు లేత్, దానికో బార్ ఫీడర్ సరిపోతాయి. కానీ డ్రాయింగులు మారుతున్నాయి. హైదరాబాద్ దగ్గర సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైసెస్ పార్కు వచ్చింది. విశాఖలో మెడ్‌టెక్ జోన్ వచ్చింది. విరిగిన ఎముకకు ప్లేటు బిగించే 3.5 మి.మీ. కార్టికల్ స్క్రూ ఉంది. మర పై వ్యాసం 3.5, లోపలి వ్యాసం 2.4. పొడవు 60 మి.మీ. కావాలంటే, లోపలి వ్యాసానికి ఇరవై అయిదు రెట్లు. పదార్థం టైటానియం. దీన్ని చక్‌లో పట్టుకుని ఎలా చేస్తారు?

చక్ పక్షం: టెయిల్‌స్టాక్ సెంటర్ ఆనించి చేయవచ్చని అనబోయేవాళ్లుంటారు. స్క్రూ మొనకు సెంటర్ గుంట పెట్టడానికి చోటు లేదు, పెట్టినా 2.4 మి.మీ. నడుము మధ్యలో వంగుతుంది. మర కోయడానికి ఎనిమిది పది సార్లు టూల్ వెళ్లి రావాలి, ప్రతిసారీ ఆ నడుమును నెడుతుంది. కాబట్టి ఆ స్క్రూ చక్ మీద పని కాదు, ఒప్పుకున్నట్టే. కానీ స్విస్ మీద కూడా అది నల్లేరు మీద నడక కాదని చెప్పాలి. ఒకసారి కోసిన భాగాన్ని మళ్లీ బుష్‌లోకి వెనక్కి లాగితే బుష్‌కు పట్టు దొరకదు. కోశాక వ్యాసం తగ్గిపోయింది కదా. అందుకే పూర్తి మందాన్నీ ఒకే పాస్‌లో తీసేయాలి. మామూలు లేత్ మీద రఫ్, సెమీ ఫినిష్, ఫినిష్ అని మూడుసార్లు తడిమి చూసుకునే అవకాశం ఉంటుంది. ఇక్కడ లేదు.

స్విస్ పక్షం: అందుకే వర్లింగ్ హెడ్ వచ్చింది. ఉంగరంలా ఉండే కట్టరు, లోపలి వైపు ఇన్సర్ట్‌లు. అది బార్ చుట్టూ వేగంగా తిరుగుతూ మొత్తం మర లోతును ఒకేసారి కోస్తుంది. బార్ నెమ్మదిగా తిరుగుతూ ముందుకు వస్తుంది, వెనక్కి వెళ్లే పనే లేదు. మర పూర్తయ్యాక ఎదురుగా ఉన్న సబ్ స్పిండిల్ ముందుకొచ్చి ముక్కను పట్టుకుంటుంది, టూల్ తెంపుతుంది, రెండో వైపు పని అక్కడ జరుగుతూ ఉండగానే ఇటు తర్వాతి స్క్రూ మొదలవుతుంది. అదే మామూలు దారిలో అయితే చక్ మీద రెండు సెట్టింగులు, మిల్లింగ్ మీద ఒకటి, మధ్యలో రెండుసార్లు చేతులు మారడం. ప్రతి మార్పులో కొన్ని మైక్రాన్లు పోతాయని షాపులో పనిచేసే ఎవరిని అడిగినా చెబుతారు.

చక్ పక్షం: ఇప్పుడు ఆ మిషన్ ఎక్కడ బతికిందో చూడండి. స్విట్జర్లాండ్‌లో మూటియే అనే చిన్న ఊరుంది. తోర్నోస్, బెష్లెర్, పెటర్మాన్, ఈ మూడు కంపెనీలూ ఆ ఒక్క ఊళ్లోనే స్విస్ లేత్‌లు తయారుచేశాయి. చుట్టుపక్కల లోయలన్నీ గడియారాల పనే. మిషన్ చేసేవాడు, బార్‌ను పట్టుకునే కాలెట్ చేసేవాడు, బార్ గ్రైండింగ్ చేసేవాడు, సెట్టింగ్ తెలిసినవాడు అందరూ అందుబాటులో. ఒకే ఇరుసు లక్షల సంఖ్యలో. ఆ వాతావరణంలో పుట్టిన మిషన్ ఇది. దాన్ని ఒంటరిగా తెచ్చి, సైజు తేడాగా ఉన్న కాలెట్ ఒకటి కావాలంటే ఆర్డరు పెట్టి వారాల తరబడి చూడాల్సిన షెడ్డులో నిలబెడితే ఏమవుతుంది? కాలెట్ వచ్చేదాకా ఆగుతుంది.

స్విస్ పక్షం: మూటియే కథ అక్కడితో ఆగలేదు. జపాన్‌లో సిటిజన్ తన గడియారాల భాగాల కోసం ఈ లేత్‌లు తయారుచేసుకుని, తర్వాత ప్రపంచానికి అమ్మింది. అదే సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో హెచ్‌ఎంటీ గడియారాలు మొదలయ్యాయి. మన తాతల చేతికున్న గడియారం వెనకాల ఈ రకం పని ఉంది. స్టార్, త్సుగామి కూడా జపాన్ కంపెనీలే; త్సుగామికి చెన్నై దగ్గర ఫ్యాక్టరీ ఉంది. ఇంకో పెద్ద మార్పు, తమ ఆకారంతో టూల్ కదలికను నడిపే కామ్‌లు పోవడం. కామ్‌తో నడిచే రోజుల్లో ప్రతి కొత్త జాబ్‌కూ కామ్‌ల సెట్టు డిజైన్ చేసి, కోసి, బిగించాలి. లక్ష పీసులు లేకపోతే గిట్టదు. మన షాపుల్లో ట్రాబ్ ఆటోమాట్లు నడిపినవాళ్లకు ఆ కష్టం తెలుసు. సీఎన్‌సీ వచ్చాక పాత జాబ్ మళ్లీ వస్తే ప్రోగ్రామ్ తెరిస్తే చాలు. 3.5 స్క్రూ పదిహేను పొడవుల్లో కావాలంటే ఒకే బార్, ఒకే కాలెట్, ఒకే టూల్ సెట్టు. మారేది ఒక అంకె.

చక్ పక్షం: జాబ్‌ల కుటుంబం ఒకటే అయితే ఆ మాట నిజం. కుటుంబం మారితే? పీసుకు 90 సెకన్లనుకుందాం. గంటకు 40. రెండు వందల పీసుల ఆర్డరు అయిదు గంటల్లో అయిపోతుంది. దానికి ముందు కాలెట్ మార్చి, బుష్ మార్చి, బార్ ఫీడర్ ఛానల్ సరిచేసి, టూల్స్ అన్నీ పెట్టి, మొదటి మంచి పీసు తీయడానికి ఒక షిఫ్టు పోవడం మామూలే. ఎనిమిది గంటల సెట్టింగ్, అయిదు గంటల పని! ఆ సెట్టింగులో పాడయ్యే ముక్కలు టైటానియంవైతే ఆ ఖర్చు వేరే.

ఇక బార్ దగ్గరికి వద్దాం. మామూలు లేత్‌కు హెచ్‌9 బ్రైట్ బార్ ఇస్తే సంతోషంగా తీసుకుంటుంది. 12 మి.మీ. బార్‌కు హెచ్‌9 అంటే వ్యాసం 43 మైక్రాన్ల దాకా తగ్గవచ్చు. గైడ్ బుష్‌కు అది చాలదు. బార్ బిగువైతే బుష్‌లో పట్టేస్తుంది, వదులైతే ఊగుతుంది. హెచ్‌7, అంటే 18 మైక్రాన్లు ఉండాలి. మంచి పనికి హెచ్‌6, అంటే 11 మైక్రాన్లు కావాలి. సెంటర్‌లెస్ గ్రైండింగ్ చేసిన బార్ కొనాలి, లేదా చేయించాలి. బార్ గుండ్రంగా లేకపోతే ఆ లోపం నేరుగా జాబ్‌లోకి దిగుతుంది. చక్ మీద కోస్తే పై తొక్కతో పాటు ఆ లోపమూ పోతుంది.

అంతా బాగున్నా ప్రతి బార్ చివర తోక మిగులుతుంది. బుష్‌కూ కాలెట్‌కూ మధ్య ఉండిపోయిన ముక్క అది. తిరిగే గైడ్ బుష్ ఉన్న మిషన్లలో 200 మి.మీ. పైనే. 3 మీటర్ల బార్‌లో 230 మి.మీ. పోతే ఏడున్నర శాతం పైమాట. టైటానియం తోకలను తుక్కు ధరకు అమ్ముకోవాల్సి వస్తే ఆ బాధ యజమానికే తెలుస్తుంది.

స్విస్ పక్షం: తోక సంగతి చాలా షాపులు మిషన్ వచ్చాకే తెలుసుకుంటాయి. ముందే కస్టమరుకిచ్చే కొటేషన్‌లో వేసుకోవాలి. దానికి సగం జవాబు కొత్త మిషన్లలో ఉంది. గైడ్ బుష్ తీసేసి నడిపే వీలున్న మోడళ్లు ఇప్పుడు మామూలైపోయాయి. పొట్టి జాబ్‌కు బుష్ తీసేస్తే తోక బాగా తగ్గుతుంది, గ్రైండింగ్ బార్ పట్టుదలా అక్కర్లేదు. పొడవు జాబ్ వస్తే మళ్లీ బిగించుకోవచ్చు. మీరు అడిగిన పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అన్న సౌలభ్యం 32 మి.మీ. లోపు పనులకైనా దొరుకుతుంది.

సెట్టింగ్ గంటల లెక్కకు ఇంకో వైపు కూడా ఉంది. జాబ్ 40 మి.మీ., తెంపడానికి 2 మి.మీ. కలిపితే 42. తోక పోగా మిగిలిన 2,770 మి.మీ.లో 65 పీసులు. ఒక్కోటి 90 సెకన్లు, అంటే ఒక బార్ 97 నిమిషాలకు పైగా నడుస్తుంది. ఫీడర్‌లో పది బార్లు వేసి వెళ్తే పదహారు గంటలు. సాయంత్రం ఆరింటికి మొదలుపెడితే మర్నాడు పది దాకా మిషన్ తన పని తాను చేసుకుంటుంది. పగలంతా పోయిన సెట్టింగ్‌ను ఆ రాత్రి తిరిగి తెస్తుంది. పీసు పీసుకూ చక్ తెరిచి మూయాల్సిన లేత్‌కు రాత్రి షిఫ్టు అంటే ఇంకో మనిషి జీతం.

చక్ పక్షం: ఈ పదహారు గంటల దగ్గరే చాలామంది యజమానులు మెత్తబడతారు. మిషన్లు అమ్మేవారు చూపించే లెక్క కూడా ఎక్కువగా ఇదే. అందుకే ఆ రాత్రిలో ఏం జరుగుతుందో ఇంకాస్త నిదానంగా చూడాలి.

రాత్రి మనిషి లేడంటే చూసే కన్ను లేదని. స్విస్ మిషన్లలో ఎక్కువ భాగం నీళ్ల కూలెంట్‌తో కాక కటింగ్ ఆయిల్‌తో నడుస్తాయి. బుష్‌కు ఆ జిడ్డు కావాలి. పెట్టెలాంటి కేబిన్‌లో ఆయిల్ మంచు నిండి ఉంటుంది. టూల్ మొన విరిగిందనుకోండి. మిషన్‌కు తెలియదు, విరిగిన మొద్దుతో రుద్దుతూనే ఉంటుంది. వేడి పెరుగుతుంది. సన్నటి టైటానియం చిప్‌కు మంట అంటుకునే గుణం ఉంది. ఆయిల్ మంచు, నిప్పురవ్వ, తాళం వేసిన షెడ్డు. మిషన్ లోపల ఆటోమేటిక్‌గా మంటనార్పే సిలిండరు లేకుండా, టూల్ విరిగితే ఆపే సెన్సరు లేకుండా రాత్రంతా వదిలేయడం నేరంతో సమానం. ఆ రెండింటి ధర మిషన్ కొటేషన్‌లో వేరే లైన్‌లో ఉంటుంది. చిన్న షాపు బేరం మొదలుపెట్టగానే ముందు కొట్టేసేది ఆ లైన్‌నే.

స్విస్ పక్షం: ఆ లైన్ కొట్టేసే షాపు ఈ మిషన్ కొనకూడదు. ఇందులో రెండో మాట లేదు. మిస్ట్ కలెక్టరు, మంటనార్పే ఏర్పాటు, టూల్ విరిగితే పట్టే ఏర్పాటు, ఇవన్నీ మిషన్‌లో భాగంగానే లెక్కవేయాలి. చిప్ సంగతి వేరే చెప్పాలి. స్టెయిన్‌లెస్, రాగి, ప్లాస్టిక్ లాంటివాటి చిప్ తెగకుండా తీగలా సాగి టూల్‌కు చుట్టుకుంటుంది. రాత్రి పనులు ఆగిపోయేది ఎక్కువగా దానివల్లే. సిటిజన్ మిషన్లలో కోత సాగే దిశలోనే టూల్‌ను తక్కువ ఫ్రీక్వెన్సీతో ముందుకూ వెనక్కూ ఊపుతూ కోసే పద్ధతి ఉంది. టూల్ క్షణంపాటు గాలిలోకి తప్పుకుంటుంది, చిప్ అక్కడ తెగిపోతుంది. వేగం కొంత తగ్గుతుంది, కానీ పొద్దున్నే వచ్చి చూస్తే మిషన్ నడుస్తూ ఉంటుంది.

చక్ పక్షం: ఎండాకాలం సంగతి? కొలతలకు ప్రపంచమంతా పెట్టుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. ఏప్రిల్‌లో హైదరాబాద్ రేకుల షెడ్డులో అందుకు రెట్టింపు. 4 మి.మీ. పిన్ను 20 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం పెరిగేది ఒక మైక్రాను అటూ ఇటుగానే, నిజమే. మిషన్ సంగతి అలా కాదు. స్పిండిల్‌కూ టూల్‌కూ మధ్య 200 మి.మీ. ఇనుము ఉందనుకుంటే అయిదు డిగ్రీల తేడాకే పదకొండు మైక్రాన్ల దాకా కదులుతుంది. మధ్యాహ్నం సెట్ చేసిన కొలత తెల్లవారుజామున వేరే కొలత. చూసి ఆఫ్‌సెట్ దిద్దే మనిషి ఇంటికెళ్లాడు. మధ్యలో కరెంటు పోయి వస్తే చల్లబడిన మిషన్ మళ్లీ దారిలో పడటానికి అరగంట.

స్విస్ పక్షం: ఆ పదకొండు మైక్రాన్లు మీ లేత్‌లోనూ కదులుతాయి. తేడా ఏమిటంటే, అక్కడ మనిషి ప్రతి అయిదో పీసుకూ మైక్రోమీటరు పెట్టి చూసి దిద్దుతున్నాడు కాబట్టి కనబడటం లేదు. షెడ్డులో ఒక మూల గది కట్టి ఏసీ పెట్టడం తప్పదు. 25 డిగ్రీలైనా ఫరవాలేదు, పగలూ రాత్రీ ఒకేలా ఉంటే చాలు. కరెంటుకు మాత్రం మన దగ్గర సరైన జవాబు లేదు. జనరేటరు అందుకునేలోపు మిషన్ ఆగితే బుష్ దగ్గరున్న ముక్క పాడైనట్టే.

చక్ పక్షం: గది, ఏసీ, సిలిండరు, సెన్సరు, గ్రైండింగ్ బార్. మిషన్ ధర పెరుగుతూనే ఉంది. ఇవన్నీ కొన్నా కొనలేనిది ఇంకొకటుంది. మనిషి. మామూలు లేత్ ప్రోగ్రామ్ పై నుంచి కిందికి చదువుకుపోవచ్చు. స్విస్‌లో రెండు మూడు ఛానళ్లు పక్కపక్కనే నడుస్తాయి. మెయిన్ స్పిండిల్ ఒక లైన్ దగ్గర ఆగి సబ్ స్పిండిల్ కోసం ఎదురుచూడాలి. ఒక్క వెయిట్ కోడ్ తప్పు చోట పడితే రెండు టూళ్లు ఢీకొంటాయి. పైగా జెడ్ దిశలో కదిలేది టూల్ కాదు, బార్. ఇరవై ఏళ్లుగా టూల్ కదలడమే చూసిన బుర్రకు అది తిరగబడి కనిపిస్తుంది. నేర్పడానికి ఏడాది పడుతుంది. నేర్చుకున్న కుర్రాడు బెంగళూరు నుంచి ఫోను రాగానే వెళ్లిపోతాడు. మీ షాపులో ఆ మిషన్ నడిపేవాడు అతనొక్కడే. నెల ఈఎంఐ మాత్రం ఆగదు.

స్విస్ పక్షం: ఇది మీ వాదనల్లో అన్నిటికన్నా గట్టిది. దీనికి నిజాయితీగా చెప్పగల జవాబు ఒక్కటే: ఒకరికి కాదు, మొదటి రోజు నుంచి ఇద్దరికి నేర్పాలి. ఒకరు ఇంట్లోవాళ్లయితే ఇంకా మంచిది. బాలానగర్‌లోనే 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. అక్కడ చదివిన పిల్లలు మల్టీ ఆక్సిస్ పని చేసే చోటు వెతుక్కుంటూ ఊరు దాటుతున్నారు. అలాంటి పని ఈ షెడ్లలోనే ఉంటే కొందరైనా ఉంటారు. ఇప్పుడు ఇక్కడ దొరికేది రోజుకు ఎనిమిది గంటలు చక్ తెరవడం, మూయడం, బర్ గీకడం, దానికి ఇచ్చే జీతం. ఆ పనిలో పాతికేళ్ల కుర్రాణ్ణి ఎన్నాళ్లు నిలబెడతారు?

చక్ పక్షం: ఆ ప్రశ్న నిలుస్తుంది. అయినా చక్ మీద పనిచేసే మేస్త్రీకి పని కేవలం తెరిచి మూయడం కాదు. చిప్ రంగు చూసి వేగం తగ్గిస్తాడు, శబ్దం విని ఇన్సర్ట్ తిప్పుతాడు. కొత్త డ్రాయింగ్ వస్తే కాగితం చూసి గంటలో ఒక పీసు చేసి చేతిలో పెడతాడు. రక్షణ పనులు చిన్న షాపులకు వచ్చేది ఆ గంట కోసమే. స్విస్ ఆ గంటను ఇవ్వలేదు.

స్విస్ పక్షం: ఇవ్వలేదు. ఒక్క పీసుకు అది తగిన మిషన్ కాదు.

చక్ పక్షం: అయితే మధ్యే మార్గంగా, స్విస్ ఉన్న షాపుకు ఏడాదిపాటు జాబ్‌వర్క్ ఇచ్చి చూడొచ్చు. రేటు తెలుస్తుంది, రిజెక్షన్ తెలుస్తుంది. బిల్లు డబ్బులు ఎప్పుడొస్తాయో కూడా తెలుస్తుంది. చిన్న సంస్థలకు 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 చట్టం చెబుతున్నా, అంతకన్నా ఆలస్యం కావడం ఏ షాపుకూ కొత్త కాదు. ఈఎంఐ కట్టేవాడికి ఆ ఆలస్యమే మొదటి శత్రువు.

స్విస్ పక్షం: మామూలు కనెక్టరు పిన్నులకైతే అది మంచి సలహా, అలాగే చేయాలి. ఎముకల స్క్రూలకు కుదరదు. వైద్య పరికరాల నాణ్యతా ప్రమాణమైన ఐఎస్‌ఓ 13485 కింద పనిచేసే కస్టమరు స్క్రూ ఒక్కదాన్నే ఆమోదించడు. ఏ షాపులో, ఏ మిషన్ మీద, ఏ పద్ధతిలో చేశారో అదంతా ఆమోదిస్తాడు. ఏడాది తర్వాత పనిని మీ షెడ్డుకు మార్చాలంటే ఆ పరీక్షలన్నీ మొదటి నుంచీ. ఆలోపు కస్టమరుకూ ఆ జాబ్‌వర్క్ షాపుకూ నేరుగా పరిచయమైపోతుంది. మిషన్ ముందు ఉంటేనే ఆడిట్‌కు వస్తారు. ఆడిట్ అయితేనే ఆర్డరు.

చక్ పక్షం: ఆర్డరు లేకుండా మిషన్ తెమ్మనే కస్టమరు, మిషన్ లేకుండా ఆర్డరు ఇవ్వడు. ఇక్కడే చాలా షాపులు అప్పుల్లో పడ్డాయి. అలాంటప్పుడు కస్టమరు నుంచి కనీసం ఒక కుటుంబం స్క్రూలకు రెండేళ్ల షెడ్యూలు రాతలో తీసుకోవాలి. టైటానియం బార్ కూడా అతనే ఇవ్వాలి, రక్షణ పనుల్లో ఇస్తున్నట్టు. అప్పుడు షాపు పెట్టుబడి మిషన్ వరకే.

స్విస్ పక్షం: బార్ అతనిదైతే లెక్కా అతనే అడుగుతాడు. మూడు మీటర్లిచ్చాను, 42 చొప్పున 71 పీసులేవి అంటాడు. 65 చేతికొస్తాయని, తోక అతని ఖాతాలోకే వెళ్తుందని ముందే ఒప్పించాలి. సెట్టింగులో పాడయ్యే ముక్కలకు కూడా ఒక సంఖ్య రాసుకోవాలి.

చక్ పక్షం: ఎంత రాస్తారు? మొదటి స్క్రూకు ముందు ఎన్ని ముక్కలు పోతాయో, ఆ మిషన్ నడపని షాపు ఎలా చెప్పగలదు?

స్విస్ పక్షం: చెప్పలేదు. మొదటి ఆర్డరు మీద మాత్రం ఆ ముక్కలు షాపువే అనుకుని దిగాలి.